రెండో నంబరు కిటికీ, తాలుకాయల కుప్ప

2015 జూన్ 22, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఈ సంగతి మొదలైంది. ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. గుంటూరులో ఒక ప్రైవేటు లా కాలేజీ అడ్మిషన్ల సెక్షన్‌లో నేను పనిచేసినన్నాళ్ళూ, రెండో నంబరు కిటికీ దగ్గరకు వచ్చిన ప్రతి మనిషినీ ఒక రూళ్ళ పుస్తకంలో రాసేదాన్ని. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏమడిగారు, నేనేం చెప్పాను. నాలుగు గడులు. ఎవరూ నన్ను రాయమనలేదు. రాయకపోతే నాకు అన్నం సహించేది కాదు. 1989 జనవరి 2న చేరి, 2019 జూలై 31న రిటైరయ్యాను. పుస్తకాలు పదిహేడయ్యాయి.

ఇప్పుడు ఇలాంటి కిటికీల వెనక కూర్చుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీ కిటికీ కంప్యూటరు తెర అయినా సరే, ఇది మీకూ వర్తిస్తుంది.

ఆ రోజు ముందు తుమ్ము వచ్చింది, ఆ తర్వాత మనిషి వచ్చింది. మా అటెండరు రెండుసార్లు తుమ్మాడు. నేను వరసగా నాలుగు తుమ్మాను. క్యూలో ఉన్న కుర్రాళ్ళు జేబురుమాళ్ళు తీశారు.

"ఎవరయ్యా ఇక్కడికి మిరపకాయలు తెచ్చింది?" అని అరిచాడు అటెండరు.

"ఎవరూ తేలేదండీ, నేనే," అంది కిటికీ అవతల నిలబడ్డ ఆమె. "ఎన్ని స్నానాలు చేసినా ఈ ఘాటు పోదు. ఓ పది నిమిషాలు ఓర్చుకోండి, అలవాటైపోద్ది."

ఆమెకు అప్పుడు ముప్పై ఏళ్ళు. ప్రత్తిపాడు వైపు పల్లె. గుంటూరు ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు ఏరే పని. రంగు ఉన్న కాయ ఒక కుప్ప, తెల్లబడ్డ తాలుకాయ ఇంకో కుప్ప. పదో తరగతి అయ్యాక చదువు ఆగిపోయి ఆ పనిలో చేరింది. కొన్నేళ్ళకు సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి అర్హత పరీక్ష రాసి, ఇంటర్ చదవకుండానే తిన్నగా బి.ఏ.లో చేరి, పాసయింది. క్లాసులు ఆదివారాలు. ఆ మూడేళ్ళూ చర్చికి రావడం లేదని పాస్టరు గారు అలిగారట. పాసయ్యాక ఆయనే ప్రార్థనలో ప్రకటించారట.

"మూడేళ్ళ లా కోర్సుకి అప్లికేషన్ పెట్టాలండీ," అంది.

సర్టిఫికెట్లు చూశాను. పది ఉంది, డిగ్రీ ఉంది. మధ్యలో ఉండవలసిన ఇంటర్ లేదు.

"అర్హత లేదు," అన్నాను.

ఆమె కదలలేదు. లా ఎందుకు చదవాలనుకుంటోందో చెప్పడం మొదలుపెట్టింది. నేను అడగలేదు. వాళ్ళ ముఠా మేస్త్రి మీద రెండేళ్ళ కిందట టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, కూలిపడి ఆమె కాలు విరిగింది. నష్టపరిహారం కోసం కేసు వేశారు. అప్పటికి పద్నాలుగు వాయిదాలు.

"పద్నాలుగు సార్లూ మేస్త్రి పెద్దమ్మని నేనే తీసకెళ్ళానండీ. ప్లీడరు గారు చెప్పేది జడ్జి గారికి అర్థమవుతా ఉంది, జడ్జి గారు చెప్పేది ప్లీడరు గారికి అర్థమవుతా ఉంది. కాలిరిగిన మనిషికి మాత్రం ఏమీ అర్థం కాదు. ఆ కోటేదో నేనే వేసుకుంటే పోద్ది కదా అనిపించింది."

ఆమె వెనక ఇరవై ఆరుమంది ఉన్నారు. నేను లెక్కపెట్టాను.

"ఇంటర్ లేదమ్మా. నెక్స్ట్."

"ఇంటర్ చదివితే?"

"చదివి రా."

నా పుస్తకంలో నాలుగో గడిలో అదే రాశాను. ఇక్కడే తప్పు జరిగింది. నిబంధన ప్రకారం ఇంటర్ ఉంటే సరిపోదు, డిగ్రీ కన్నా ముందు ఇంటర్ పాసై ఉండాలి. ఆ సంగతి నాకు తెలుసు. నిబంధనల పుస్తకం నా సొరుగులోనే ఉంది. కానీ ఆమె 'ఇంటర్ చదివితే' అని అడిగింది, వరుస గురించి అడగలేదు. అడిగినదానికే జవాబు చెప్పాలి, అడగనిది చెప్పకూడదు. కొత్తగా చేరిన వాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం అదే. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆమె మళ్ళీ మా కిటికీ దగ్గరకు వచ్చింది 2018 మార్చి 26న, మళ్ళీ సోమవారమే, మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి. మధ్యలో 1008 రోజులు. పూజకు పనికొచ్చే సంఖ్యే గానీ ఆ రోజు నేను చూసింది పూజ కాదు.

అటెండరు తుమ్మాడు. తుమ్మి, తలెత్తి, "మేడం గారూ, మిర్చి అమ్మాయొచ్చింది," అన్నాడు. మనుషులను ముక్కుతో గుర్తుపెట్టుకునే అటెండరును ఆ ఒక్కణ్ణే చూశాను.

లా ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి ఆ రోజు ఆఖరి రోజు. సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. దరఖాస్తులు సరిచూసే సహాయ కేంద్రం మా కాలేజీలోనే ఉండేది. ఆమె మూడేళ్ళ కోర్సుకు ఫారం నింపి తెచ్చింది.

"ఇంటర్ పాసయ్యానండీ, ఓపెన్ స్కూల్లో. నిరుడు పరీక్ష రాశాను, ర్యాంకు కూడా వచ్చింది. వేరే ఊళ్ళో కౌన్సెలింగుకి పోతే అర్హత లేదని పంపేశారు. ఎందుకని అడిగితే లేదంటే లేదన్నారు. వాళ్ళకి తెలీదేమోనని ఈసారి మీ దగ్గరకే వచ్చాను. చదివి రమ్మంది మీరే కదా."

"నేను అలా అని ఉండను," అన్నాను.

"అన్నారండీ. 2015 జూన్ 22, సోమవారం, పొద్దున పూట."

తేదీ చెప్పి నన్ను నిలదీసిన మనిషి అంతకు ముందు ఒక్కరూ లేరు. పద్నాలుగో పుస్తకం తీశాను. పేజీ తిప్పాను. 'జూన్ 22. 11.20. స్త్రీ. డిగ్రీ ఉంది, ఇంటర్ లేదు. చదివి రమ్మన్నాను.' నా దస్తూరీ. నా సిరా. మరో సాక్షి అక్కర్లేదు.

మూడేళ్ళ కోర్సు ఎందుకు కుదరదో అప్పుడు చెప్పాను. మెట్లు వరసగా ఎక్కాలి, డిగ్రీ ముందు ఎక్కి ఇంటర్ తర్వాత ఎక్కితే లెక్కలోకి రాదు అని. ఆమె ఏడవలేదు. గొంతు పెంచింది. కిటికీ ఊచలు పట్టుకుని మాట్లాడింది. ఆ మాటలు నేను తర్వాత పుస్తకంలో ఒక పేజీ నిండా రాసుకున్నాను.

"మేడం, మీరూ ఏరతారు, నేనూ ఏరతాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరికీ అదే పని. కానీ మేము తాలుకాయని పారెయ్యమండీ. దానికీ ఓ కుప్ప ఉంటది. ఆ కుప్పకీ రేటుంటది, దానికీ కొనేవోడొస్తాడు. ఎర్రకాయల్లో పడదని తేలినాక, పక్కకి తిరిగి ఈ కుప్పలో వెయ్యమని చెప్పాల్సిందే, లేకపోతే మేస్త్రి తిడద్ది. మీరు ఇందులో కాదు, ఇందులో కాదు అంటారేగాని, ఏ కుప్పలో వెయ్యాలో చెప్పరే? నేను ఏ కుప్ప?"

క్యూలో ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కుప్ప ఉంది. ఇంటర్ పాసైన వాళ్ళ కోసం ఐదేళ్ళ లా కోర్సు ఉంది. ఆమె డిగ్రీని పక్కన పెట్టేస్తే, పదీ ఇంటరూ వరసలోనే ఉన్నాయి. నిరుడే దానికి అప్లికేషన్ పెట్టి ఉంటే ఈపాటికి మొదటి సంవత్సరం పూర్తి కావచ్చేది. ఎవరూ చెప్పలేదు. అందరికన్నా ముందు నేను చెప్పలేదు.

"ఐదేళ్ళ కోర్సు," అన్నాను. "పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చోవాలి."

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఐదు సీజన్లు. పెద్దమ్మని ఒప్పించొచ్చు. ఇవ్వండి ఫారం."

ఐదేళ్ళ ఫారంలో ఇంటర్ హాల్ టికెట్ నంబరు వేయాలి. ఆమె తెచ్చిన జిరాక్సులో సరిగ్గా ఆ మూల నల్లగా పడింది.

"అసలు కాపీ ఏది?"

"ఏసీలో ఉందండీ."

మిర్చి పని చేసే వాళ్ళు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో చెదలు, ఎలకలు. ముఠాలో మొదటి ఇంటర్ పాసు. అందుకని మేస్త్రి ఆ మార్కుల మెమోను ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఒక టిక్కీలో పెట్టి, మూతి కుట్టించి, మూడో నంబరు గదిలో గోడవారన పెట్టించిందట. విలువైన వస్తువు ఇంకెక్కడ దాచాలో వాళ్ళకు తోచలేదు.

టైము రెండూ పది. నేను లేచి ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి హాఫ్ డే లీవు కావాలన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఎవరికైనా ఏమైనా అయిందా అమ్మా?"

"లేదండీ. కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాలి."

"మీరు చేరి ఇరవై తొమ్మిదేళ్ళయింది. పని మధ్యలో లేస్తానని మీరు అడగడం ఇదే మొదటిసారి. మిరపకాయల కోసమా?" అంటూనే సంతకం పెట్టారు.

వెళ్ళే ముందు కాలేజీ లెటర్‌హెడ్ మీద కోల్డ్ స్టోరేజీ మేనేజరుకు ఒక ఉత్తరం టైపు చేయించాను. నాకు నమ్మకమున్న ఆయుధం అదొక్కటే. ఆటోలో ఆమె పక్కన కూర్చుని ఇరవై అయిదు నిమిషాల్లో పదిహేడు తుమ్ములు తుమ్మాను. మార్చి నెల, సీజను జోరు మీద ఉంది. రోడ్డు పొడుగునా లారీలు, లారీల నిండా టిక్కీలు. మూడూ అయిదుకు చేరాం.

మేనేజరు ఉత్తరం చదివాడు. రెండు వైపులా తిప్పి చూశాడు. "ఇదేందండీ, గది తీసి కాయితం వెతకాలా? బయట పదకొండు లారీలున్నాయి. రేపు రండి."

షెడ్డులో తిరగేసిన డబ్బా మీద, చేతికర్ర పక్కన పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడికాలు వంకర. మేస్త్రి ఆమే అని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"ఏందే పిల్లా, ఈమెవరు?"

"కిటికీ మేడం, పెద్దమ్మా."

"ఓహో, చదివి రమ్మన్న మేడమా!" మేస్త్రి నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "మంచిదమ్మా, చదివొచ్చింది. ఇప్పుడేమంటావు?"

"ఐదింటి లోపల ఆ మెమోలో ఉన్న నంబరు కావాలి. లేకపోతే ఇంకో సంవత్సరం పోతుంది," అన్నాను.

మేస్త్రి మేనేజరు వైపు చూడనుకూడా లేదు. హమాలీల వైపు తిరిగింది. "ఒరేయ్! టీలు తర్వాత తాగుదురుగాని. మూడో గదిలో గోడవార లాటు తియ్యాలి. మన పిల్ల సర్టిఫికెట్టు దాని వెనకాల ఉంది."

"ఎన్ని టిక్కీలు జరపాలి మేస్త్రీ?"

"లెక్కపెడితే తేలిద్దిరా, ముందు జరపండి!"

మేనేజరు తాళాలు తీసుకుని తనే ముందు నడిచాడు. నా ఉత్తరం మడిచి చెవి గోక్కుంటున్నాడు.

ఆ గదిలో చలికి నా పళ్ళు టకటకలాడాయి. హమాలీలు ఆరుగురు. వాళ్ళు బస్తా తీసినప్పుడల్లా నేను లెక్కపెట్టాను, ఊరికే నిలబడటం రాక. నలభై రెండో టిక్కీ జరిపాక మేస్త్రి గుర్తు కనపడింది, సున్నంతో గీసిన సిలువ. తాడు కోశారు. మిరపకాయల మధ్య నుంచి కవరు తీసి ఆమె నా చేతిలో పెట్టింది. కాగితం కొత్తగా ఉంది.

"చూశావా," అంది గుమ్మంలోంచి మేస్త్రి. "రెండేళ్ళయినా ఏసీలో కాయ రంగు పోదు. కాయితం పోద్దా?"

లోపల ఫోను సిగ్నలు లేదు. బయటికి పరిగెత్తాం. పరిగెత్తాం అంటే, నేను నడిచాను. నాలుగూ ముప్పై రెండు. ఆఫీసుకు ఫోను చేసి, మా ఆపరేటరు అమ్మాయిని సిద్ధంగా ఉండమన్నాను. హారన్లు ఆపమని చెప్పడానికి ఆమె లారీల వైపు పరిగెత్తింది. చలిగదిలోంచి మార్చి ఎండలోకి రాగానే నా కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మింది. కొంగుతో తుడిచాను. మళ్ళీ కమ్మింది. టైము పోతోందని అలాగే ఒక్కొక్క అంకే చదవడం మొదలుపెట్టాను. ఆరో అంకె దగ్గర "మూడు" అన్నాను.

"మూడు కాదమ్మా, ఎనిమిది," అంది నా భుజం పక్కనుంచి మేస్త్రి.

"మీకు చదువు వచ్చా?"

"అచ్చరాలు రావు. అంకెలొస్తాయి. నలభై ఏళ్ళ నుంచి లాటు నంబర్లు చదవతన్నా. ఆ కాయితం నా చేతికియ్యి, నేను చెప్తా, నువ్వు ఫోన్లో చెప్పు."

ఇచ్చాను. ఆమె చదివింది, నేను చెప్పాను. ఆపరేటరు తిరిగి చదివి వినిపించింది. నాలుగూ నలభై నాలుగుకు అప్లికేషన్ వెళ్ళిపోయింది. మేస్త్రి "స్తోత్రం!" అని కేక పెట్టింది. హమాలీల్లో ఒకడు "మేడం, ఇప్పుడీ నలభై రెండూ మళ్ళీ ఎవరు సర్దాలి?" అన్నాడు. మేస్త్రి చెప్పింది. "నీ అయ్య సర్దుతాడు. ఎత్తరా!"

మూడని రాసి ఉంటే ఆ దరఖాస్తు ఎవరిదో అయిపోయేది. ఇరవై తొమ్మిదేళ్ళలో నేను ఒక్క అంకె తప్పు రాయలేదని అందరికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

ఆమెకు ర్యాంకు వచ్చింది, మా కాలేజీలోనే సీటు వచ్చింది. మొదటి వారం పిల్లలు ఆంటీ అన్నారు, రెండో నెలకు అక్కా అన్నారు, పరీక్షల ముందు అక్కగారూ అన్నారు. ఆమె నోట్సు కోసం. ఆ నోట్సు తీసుకున్నవాళ్ళంతా తుమ్ముతూ పాసయ్యారని అటెండరు చెప్పేవాడు. నేను చేసిందల్లా ఒకటే. 2018 మార్చి 27న పుస్తకంలో అయిదో గడి గీశాను. పైన 'వేరే కుప్ప' అని రాశాను. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా అర్హత లేదు అన్న ప్రతిసారీ ఆ గడి నింపాకే నెక్స్ట్ అన్నాను. క్యూ నెమ్మదించింది. కుర్రాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.

2023లో ఆమె కోర్సు పూర్తయి, నల్లకోటు వేసుకుంది. వేసుకున్నాక మొట్టమొదట మేస్త్రి కేసు కాగితాలు తిరగేసింది. ఆ కేసు 2023 ఫిబ్రవరి 14నే కొట్టేశారు. పిలిచినప్పుడు ప్లీడరు లేడు, ఆయన వాయిదా తేదీ గానీ ఆ సంగతి గానీ వీళ్ళకు చెప్పనూ లేదు. తిరిగి తెరవమని పిటిషను వేయాలి. దానికి ముప్పై రోజులే గడువు. ఆ పైన జరిగిన ఆలస్యానికి రోజుల లెక్క చెప్పి సంజాయిషీ ఇచ్చుకోవాలి. డిసెంబరులో ఆమె మా ఇంటికొచ్చింది. నేను తుమ్మాను.

"రోజుల లెక్క మీరే చూడాలి మేడం. నాకు 278 వస్తున్నాయి."

క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. "పిటిషను ఎప్పుడు వేస్తున్నావు?"

"20న."

"మొత్తం 309. ముప్పై తీసెయ్యి. 279. ఒకటి తప్పావు."

"ఒక్క రోజేగా మేడం."

"ఒక్క రోజే," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కేసు మళ్ళీ తెరుచుకుంది. 2025 ఆగస్టు 12, మంగళవారం తీర్పు వచ్చింది. మేస్త్రి గెలిచింది. తీర్పులో ప్రతి వాక్యాన్నీ ఆమె కోర్టు వరండాలోనే మేస్త్రికి తెలుగులో విప్పి చెప్పింది. అంతా విని మేస్త్రి అంది: "గెలిచాం, బాగానే ఉంది. కాలు వంకర అట్టాగే ఉందిగా. దానికి కూడా ఓ పిటిషను వెయ్యవే."

ఇంతటితో ఆపేస్తే ఇది మంచి కథ అవుతుంది. నాకు లెక్క పూర్తిచేయనిదే తోచదు. తీర్పు వచ్చిన మర్నాటి నుంచి పంతొమ్మిది రోజులు కూర్చుని, పదిహేడు పుస్తకాలూ మొదటి నుంచి తిరగేశాను. అయిదో గడి లేని రోజుల్లో 'అర్హత లేదు' అని పంపేసిన ప్రతి మనిషికీ పెన్సిలుతో చుక్క పెట్టి, అప్పటి నిబంధనల ప్రకారం వేరే దారి ఏదైనా ఉందా అని చూశాను.

పోయినవి ఇవీ. ఆమెది ఒక సంవత్సరం. ఒక ప్రవేశ పరీక్ష, దాని ర్యాంకు. ఆ సంవత్సరం పోకుండా ఉంటే కేసు కొట్టేసే నాటికే ఆమెకు కోటు ఉండేది. కాబట్టి మేస్త్రివి 309 రోజులు. నాది ఒక హాఫ్ డే లీవు, తప్పు రాయనన్న పేరు. నేను అర్హత లేదన్నవాళ్ళు 411 మంది. వాళ్ళలో వేరే కుప్ప ఉండి, నేను చెప్పనివాళ్ళు 63. తిరిగొచ్చి అడిగినది ఒక్కరు. మిగిలినవాళ్ళు 62. ఎవరు ఏ రోజు, ఎన్ని నిమిషాలకు వచ్చారో అంతా ఉంది. పేర్లకు గడి గీయలేదు.